లాభం బై అరవై

ఆ రోజుల్లో భయపడటానికి నాకు ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. పోస్ట్‌మాన్ మా వీధి మలుపు తిరిగితే భయం, టైపు మిషను రిబ్బను పల్చబడితే భయం, పిన్ని వాళ్ళ పక్కింట్లో ఫోను మోగితే మా ఊళ్ళో ఎవరికో ఏదో అయిందని భయం. ఇలాంటి మనిషి ఇంటిపట్టున ఉండాలా వద్దా? ఉండకుండా డిగ్రీ పూర్తిచేసి, టైపు లోయరు పాసై, నాన్నతో వారం రోజులు పోట్లాడి (నేను పోట్లాడానంటే మా చుట్టాలెవరూ నమ్మరు, అన్నం మానేసి గాదె పక్కన కూర్చోవడమే నా పోట్లాట) బందరులో పిన్ని వాళ్ళింట్లో ఉంటూ ఉద్యోగానికి చేరాను. తొంభైల్లో మాట ఇది. పామిడిముక్కల పక్కన మా ఊరు. మా ఇంటి నుంచి జీతానికి వెళ్ళిన మొదటి ఆడపిల్లని నేనే. నాన్న చివరికి మెత్తబడి, "సరే, మూడు నెలలు చూద్దాం. అక్కడ ఏ చిన్న మాట వచ్చినా పెట్టె సర్దుకుని వచ్చెయ్యాలి. మళ్ళీ ఉద్యోగం ఊసెత్తకూడదు" అన్నాడు. అందుకని ఆ మూడు నెలలూ ఎవరు నా పేరు పెట్టి పిలిచినా, ఆ చిన్న మాట వచ్చేసిందనే అనుకునేదాన్ని.

ఉద్యోగం కలంకారీ అద్దకం షెడ్లో. పెడన వెళ్ళే దారిలో కాలవ గట్టున పొడుగాటి రేకుల షెడ్డు. లోపల గోనె పరిచిన బల్లలు, వాటి మీద గుడ్డలు, గుడ్డల మీద చెక్క అచ్చులు పెట్టి పిడికిలితో ధబ్ ధబ్ మని గుద్దే మనుషులు. కరక్కాయ వాసనకి మొదటి రోజు తల తిరిగింది, రెండో వారానికి అది లేకపోతే అన్నం సయించలేదు. షెడ్డు యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. మంచివారే గాని, మాట్లాడరు. తిట్టే మనిషి తిట్టడం ఆపితే ధైర్యం వస్తుంది, అసలు మాట్లాడని మనిషి దగ్గర ధైర్యం ఎప్పుడు తెచ్చుకోవాలో తెలియదు కదా. ఇక అద్దకం పనివాళ్ళందరికీ పెద్ద, చాచా. బందరులోనే పుట్టి పెరిగిన సాయిబుగారు, గడ్డం తెలుపు, వేళ్ళు మాత్రం ఎప్పుడూ నలుపు. ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం నా పని. ఆ షెడ్లో ఇంగ్లీషు ఇంకెవరికీ రాదు కాబట్టి నాకు ఇంగ్లీషమ్మాయి అని పేరు పడింది. నా ఇంగ్లీషు ఎంతో నాకు తెలుసు, అదొక భయం.

నేను చేరిన రెండో నెలలో బొంబాయి నుంచి, ఇలాంటి గుడ్డలు అమ్మే ఒక మేడమ్ ఆర్డరు పంపారు. పాత బందరు రేవులో ఓడలు, పడవలు, బస్తాలు మోసే కూలీలు, అంతా ఒకే గుడ్డ మీద, గోడకి వేలాడదీసుకునేలా ఉండాలి. కొత్త అచ్చులు చెక్కించాలి. సరిగ్గా అరవై గుడ్డలు అద్దాక ఆ అచ్చుల మీద ఉలితో అడ్డంగా గాటు పెట్టేయాలి, ఇంక ఎప్పటికీ అరవై ఒకటోది పుట్టకూడదు. ప్రతి గుడ్డ మూలా దాని నంబరు వెయ్యాలి, ఒకటి బై అరవై, రెండు బై అరవై, ఇలాగ. నంబరు దిద్దినా, కొట్టేసినా, చెరిపినా ఆ గుడ్డ తీసుకోరు. నేను ఉత్తరం చదివి చెబుతుంటే చాచాకి ఒక్క ముక్క కూడా నచ్చలేదు. "అచ్చు బాగుంటే గాటెందుకు? బాగోకపోతే అరవై ఎందుకు?" అన్నారు. చిన్న నంబర్లకి గిరాకీ ఎక్కువట చాచా, కొనేవాళ్ళు ఎగబడతారట, అన్నాను. చాచా నవ్వారు. "కొత్త చెక్క మొదట్లో రంగు తాగదమ్మా. మొదటి పది గుడ్డలూ పచ్చిగా ఉంటాయి. నలభై దాటాకే అచ్చుకి రంగు వంటబడుతుంది. చిన్న నంబరు కావాలనేవాళ్ళు ఎప్పుడూ బల్ల దగ్గర నిలబడి చూసుండరు" అన్నారు. పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. చెప్పాను కదా, అనరు.

మూడు వారాలు అద్దకం సాగింది. చివరి గుడ్డ అయిన సాయంత్రం చాచా అచ్చులన్నీ వరసగా పేర్చి, కళ్ళు మూసుకుని ఉలితో గాట్లు పెట్టారు. నేను అటు చూడలేకపోయాను. తర్వాత గుడ్డలు కాలవలో ఉతికి, రంగు కాగులో ఉడకబెట్టి, మళ్ళీ ఉతికి, గట్టున ఆరేసి, పోగేసి లోపలికి తెచ్చారు. ఇక నంబర్లు వెయ్యాలి. ఇంగ్లీషమ్మాయి ఉండగా ఇంకెవరు వేస్తారు? పాత ఇనుప ముక్కలు బెల్లంనీళ్ళలో నానేసి తీసిన నలుపులో కరక్కాయ కషాయం కలిపి చాచా నాకు చిన్న గిన్నెలో ఇచ్చారు, సన్నటి వెదురు కలం చెక్కి ఇచ్చారు. "ఇది పడిందంటే గుడ్డ చిరిగినా అక్షరం చెరగదు, జాగ్రత్త" అని కూడా చెప్పారు.

అగరొత్తి వెలిగించారు. చాచా ఒక్కో గుడ్డా తీసి, మూల నా ముందు పెట్టి, లెక్క పైకి అంటారు, నేను రాస్తాను, పెద్దాయన అందుకుని మధ్యలో కాగితం పెట్టి మడతేస్తారు. మొదటి గుడ్డ వచ్చింది. చాచా గొంతు సవరించుకుని, కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళలాగే, "లాభం!" అన్నారు. మా వైపు ఎవరు ఏది లెక్కపెట్టినా ఒకటి అనరు, లాభం అని మొదలుపెట్టి రెండు, మూడు అని వెళ్తారు. పదేళ్ళప్పటి నుంచీ నాన్న కుంచంతో కొలుస్తుంటే పక్కన కూర్చుని కాగితం మీద రాసింది నేనే. మొదటి వరసలో లాభం, దాని కింద రెండంకె, దాని కింద మూడంకె. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. చాచా "రెండు" అన్నారు, రెండు బై అరవై రాశాను. "మూడు" అన్నారు, రాశాను. అరవై అయ్యేసరికి మెడ పట్టేసింది. "ముత్యాల్లా ఉన్నాయమ్మా అక్షరాలు" అని చాచా మెచ్చుకున్నారు. ఆ రోజు బస్సులో నిలబడి వస్తూ కూడా నాలో నేను మురిసిపోయాను. ఆ ఉద్యోగంలో నేను భయపడకుండా గడిపిన సాయంత్రం బహుశా అదొక్కటే.

నాలుగు రోజులకి మేడమ్ ఉత్తరం వచ్చింది. పన్నెండు రోజుల్లో స్వయంగా వస్తున్నారట. వెంట ఒక పెద్దమనిషిని తీసుకొస్తున్నారట. ఆయన జీవితమంతా ఒకటో నంబరు వస్తువులే సేకరించారట, బొమ్మలైనా, పుస్తకాలైనా, గుడ్డలైనా, ఒకటి కాకపోతే ముట్టుకోరట. మన ఒకటో నంబరు గుడ్డ ఆయనకే. ఈలోగా నంబర్ల పట్టిక టైపు చేసి పంపాలి. నేను మిషన్లో కాగితం ఎక్కించి ఒకటి అని కొట్టి, ఎందుకైనా మంచిదని ఆ గుడ్డ మీద సిరా అలుక్కుందేమో చూద్దామని బీరువా తెరిచాను. అన్నిటికంటే పైన ఉంది. మూల తిప్పి చూశాను. 'లాభం/60'.

మొదట ఎవరో ఆకతాయి పని అనుకున్నాను. తర్వాత భ వొత్తు చూశాను. అలా మెలితిప్పి రాసేది ప్రపంచంలో నేనొక్కదాన్నే. బీరువా తలుపు పట్టుకునే కింద కూర్చున్నాను. అంతకుముందు అరవై గుడ్డలూ ముగ్గురం చూశాం, ముగ్గురికీ అది ఒకటిలాగే కనిపించింది! బందరులో ఎవరికి చూపించినా ఒకటనే చదువుతారు. బొంబాయిలో చదవరు కదా. ఇంకో గుడ్డ మీద వేద్దామంటే అన్నిటికీ నంబర్లు పడ్డాయి. ఇంకోటి అద్దుదామంటే అచ్చులకి గాట్లు పడ్డాయి. దిద్దుదామంటే దిద్దిన గుడ్డ చెల్లదు. ఇంక మిగిలింది నేనొక్కదాన్నే, నన్ను కొట్టేస్తే సరిపోతుంది. పామిడిముక్కల బస్సు, నా పెట్టె, గుమ్మంలో నాన్న, అన్నీ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి.

చెప్పెయ్యొచ్చు కదా అంటారు. మీకేం, ఎన్నయినా అంటారు. నేను మాత్రం గుడ్డని అన్నిటికంటే అడుక్కి తోసేసి, పట్టికలో ఒకటి అని శుభ్రంగా టైపు చేసి, కింద సంతకం పెట్టి పోస్టు చేశాను. చేశాక, అబద్ధానికి సంతకం పెట్టినందుకు పోలీసులొస్తారేమోనని ఇంకో భయం మొదలైంది. మర్నాడు ఒక గుడ్డపేలిక మీద అదే నలుపుతో లాభం అని రాసి, ఆరాక నిమ్మకాయ పిండి చూశాను. నలుపు విరిగింది గాని, పసుపుపచ్చ మరక మిగిలింది. అసలు గుడ్డ మీద చేసే ధైర్యం చాల్లేదు. ఇంటికెళ్తే పిన్ని నా చెయ్యి వాసన చూసి, "మీ షెడ్లో పులిహోర పెట్టారా?" అంది. ఆవిడకి తెలిసిపోయిందని ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

అన్నిటికంటే పెద్దాయన్ని చూస్తే హడలు. మామూలుగానే మాట్లాడని మనిషి ఇంకా మాట్లాడటం మానేశారు. నా వంక చూస్తారు, నేను చూడగానే తల తిప్పుకుంటారు. బీరువా తాళంచెవుల్లో ఒకటి నా దగ్గర ఉండేది, అది ఒకరోజు అడిగి తీసుకున్నారు. ఇంకోరోజు నేను కాగితాలు సర్దుతుంటే బల్ల దగ్గరికొచ్చి, చాలాసేపు నిలబడి, "అమ్మాయ్, మీ నాన్నగారు బందరు ఎప్పుడైనా వస్తారా?" అన్నారు. "వస్తే ఒకసారి నన్ను కలవమను" అని వెళ్ళిపోయారు. అయిపోయింది! తెలిసిపోయింది, నాన్నని పిలిచి అప్పగించేస్తారు. ఆ రాత్రే పెట్టె సగం సర్దేశాను, మిగతా సగం సర్దడానికి చేతులు రాలేదు. నాకు ఆ ఉద్యోగమంటే ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది. ఆ కరక్కాయ వాసనా, ఆ ధబ్ ధబ్ చప్పుడూ, ఇంగ్లీషమ్మాయ్ అన్న పిలుపూ, అవేవీ వదులుకోవాలని లేదు నాకు.

రానే వచ్చారు. బెజవాడ నుంచి అంబాసిడర్ కారులో పదిగంటలకి దిగారు. మేడమ్ చేనేత చీర కట్టుకుని, గబగబా నడుస్తూ, గబగబా మాట్లాడుతూ ఉన్నారు. ఆ పెద్దమనిషి బాగా పండిపోయిన సన్నటి మనిషి. జేబులోంచి భూతద్దం తీశారు, చేతులకి తెల్ల గ్లౌజులు తొడుక్కున్నారు. ఆ గ్లౌజులు చూడగానే నాకు ఆపరేషను గది గుర్తొచ్చింది. పెద్దాయన గుడ్డలు తెచ్చి పెట్టారు. ఏమనుకున్నారో గాని, అరవై నుంచి వెనక్కి చూపించడం మొదలుపెట్టారు. అరవై, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది. మధ్యలో కాఫీ, మధ్యలో అరటిపళ్ళు, మధ్యలో కొబ్బరిబొండాలు. ఒక్కోటీ తీరిగ్గా విప్పడం, తీరిగ్గా మడవడం. నాకేమో త్వరగా చంపేస్తే బాగుండునని ఉంది. రెండు బై అరవై బయటికొచ్చేసరికి ఒంటిగంట అయింది.

ఆఖరి గుడ్డ విప్పారు. ముసలాయన భూతద్దం మూలకి దించి, అలాగే ఉండిపోయారు. నేనూ తొంగిచూశాను. చూసి ఇంకా బెదిరిపోయాను. 'లా' నల్లగా ఉంది, తర్వాతి అక్షరం సగం వెలిసి పసుపుపచ్చగా తిరిగింది. నేను పేలిక మీద పిండాను గాని, గుడ్డ మీద పిండలేదే! మేడమ్ మూల చూసి, "ఇదేంటి? ఒకటి ఏది?" అన్నారు. షెడ్లో ధబ్ ధబ్ చప్పుడు కూడా ఆగిపోయింది. పెద్దాయన నేల చూస్తున్నారు. చాచా గడ్డం నిమురుకుంటున్నారు. నా నోటమ్మట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు, "నేనే రాశానండీ. ఒకటికి బదులు రాశాను. తప్పు నాదే. పట్టికలో అబద్ధం రాసింది కూడా నేనే" అని ఇంగ్లీషులో అనేశాను. (అడగని రెండో తప్పు కూడా ఒప్పుకోవడం నా ప్రత్యేకత.)

మేడమ్ మొహం ఎర్రబడింది. "చెప్పకుండా దాచారన్నమాట!" అన్నారు. అప్పుడు చాచా ముందుకొచ్చారు. ఆ పెద్దమనిషికి ఉర్దూ వచ్చు, చాచాకి ఉర్దూ ఇంటి భాష. నాకు టీవీ హిందీ సాయంతో సగం అర్థమైంది. ఇక్కడ లెక్క ఒకటితో మొదలుపెట్టరని, ఒంటరి మాట అనకుండా లాభం అంటారని, తను అన్నదే ఆ పిల్ల రాసిందని చాచా చెప్పారు. ముసలాయన మొహం కాస్త విచ్చుకుంది. "అయితే ఇది ఒకటేనా? అన్నిటికంటే ముందు అద్దింది ఇదేనా?" అన్నారు. అక్కడ అవునంటే అయిపోయేది. చాచా జన్మలో అబద్ధమాడలేదు, పనిగట్టుకుని ఆ రోజే మొదలుపెట్టరు కదా. "కాదు బాబూ. ఇది యాభై పైన ఎప్పుడో అద్దింది. ఉతికాక తడిగుడ్డలకి వరసేముంటుంది? ముందు ఆరింది ముందొచ్చింది, ముందొచ్చిన దానికి ముందు నంబరు పడింది" అన్నారు.

ముసలాయన గ్లౌజులతోనే నుదురు పట్టుకున్నారు. "మిగతా చోట్ల కూడా ఇలాగేనా?" అన్నారు. "మిగతా చోట్ల సంగతి నాకు తెలియదు. తడిగుడ్డ ఎక్కడైనా తడిగుడ్డేగా" అన్నారు చాచా. ఆయన అద్దకం బల్ల మీదే కూలబడి మంచినీళ్ళు అడిగారు. పాపం, ఇంటి నిండా ఒకట్లేనట. గోడల మీద ఒకట్లు, పెట్టెల్లో ఒకట్లు. అవన్నీ ఇప్పుడు ఏ నంబర్లో అని ఆయన కంగారు. అంతవరకూ ఆ షెడ్లో నేనొక్కదాన్నే వణుకుతున్నాననుకున్నాను. ఆయన నీళ్ళ గ్లాసు పట్టుకున్న తీరు చూసి, నా చెయ్యి చూసుకున్నాను. తేడా ఏం లేదు.

చాచా మాత్రం తన ధోరణిలో ఉన్నారు. పోగులోంచి రెండు గుడ్డలు లాగి పరిచారు. "నిజంగా మొదటిది కావాలా? ఇదిగో, ముప్పై ఎనిమిది. ఓడ తెరచాప కొస చూడండి, చెక్క రంగు తాగక వెలవెలబోయింది. అన్నిటికంటే మంచిది కావాలా? ఇదిగో, పద్నాలుగు. కూలీ చేతివేళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు" అన్నారు. మేడమ్ తల కొట్టుకుంటూ, "అరవైకీ బొమ్మ ఒక్కటే, ఇన్నేళ్ళుగా నేనూ చెబుతున్నాను, అయినా అందరూ చిన్న నంబరే అడుగుతారు" అన్నారు. ముసలాయన ముప్పై ఎనిమిది నిమిరారు. పద్నాలుగుని చాలాసేపు చూశారు. బాగుంది అన్నట్టు తల ఊపారు. ఆఖరికి రెండూ పక్కకి జరిపి, లాభం గుడ్డనే దగ్గరికి లాక్కున్నారు. "ఇది మొదటిది కాదని చెప్పాను కదా బాబూ" అన్నారు చాచా. "విన్నాను. కానీ రెండోది కొంటే, మొదటిది ఎవరి దగ్గరుందోనని నాకు నిద్రపట్టదు. లెక్క ఎక్కడ మొదలైందో అది నా దగ్గరుండాలి" అన్నారాయన. ఆ మరకని వేలితో రుద్దుతూ, "నా తర్వాత చూసేవాళ్ళు నమ్మాలిగా. లాభం అంటే ఒకటేనని కాగితం రాసివ్వండి" అన్నారు. ఆ కాగితం టైపు చేసింది కూడా నేనే. మూడుసార్లు తప్పు కొట్టి, నాలుగోసారి సరిగ్గా కొట్టాను. పెద్దాయన సంతకం పెట్టారు.

కారు వెళ్ళిపోయింది. మెడపట్టి గెంటించుకోవడం కంటే మనమే వెళ్ళడం మర్యాద అనుకుని, టిఫిను డబ్బా, గొడుగు తీసుకుని పెద్దాయన ముందు నిలబడ్డాను. "వెళ్ళొస్తానండీ. మా నాన్నని పిలిపించక్కర్లేదు, నేనే చెప్పేస్తాను" అన్నాను. ఆయన తలెత్తి, "ఏమని చెబుతావు?" అన్నారు. "నావల్ల మీకు మాట వచ్చిందని, మాన్పించేశారని." ఆయన కంగారుగా కుర్చీలోంచి లేచారు. ఆయన కంగారుపడగా చూడటం అదే మొదలు. "మాన్పించడమేంటమ్మా? అరవై గుడ్డలూ నా చేతుల్తో మడతపెట్టాను, నాకూ అది ఒకటిలాగే కనపడింది. నువ్వు పట్టిక పంపిన సాయంత్రం ఎందుకో విప్పి చూసి గుండె జారిపోయింది. నిమ్మకాయ రాసింది నేనే. రాసి ఇంకా చెడగొట్టాను. నీకు చెబితే బెదిరిపోయి ఊరెళ్ళిపోతావని ఊరుకున్నాను. మూడు నెలలే ఉంటానన్నావు కదా మొదట్లో. ఇంకొన్నాళ్ళు ఉంచమని మీ నాన్నగారిని అడుగుదామని నేననుకుంటుంటే!" అన్నారు. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. నేను గొడుగు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. ఆయనకి ఏం చెయ్యాలో తెలియక ఒక అరటిపండు ఇచ్చారు.

ఆ షెడ్లో ఏడేళ్ళు పనిచేశాను. ఇప్పుడు గుడివాడలో ఒక కాలేజీ ఆఫీసులో నాదే పెద్ద కుర్చీ. తప్పు పడిన కాగితం గుండెలకి హత్తుకుని, పెదాలు ఎండిపోయి, కొత్తగా చేరిన పిల్లలు నా బల్ల ముందు నిలబడుతుంటారు. నేనంటే ఆఫీసులో హడలట! ఎవరంటే, నేనంటే! పని తెలిసిన పిల్ల ఈ కాస్త మాటకి మానేసి వెళ్ళిపోతే రేపటి నుంచి నా గతేమిటని, వాళ్ళు నిలబడినంతసేపూ నా గుండె కొట్టుకుంటూ ఉంటుంది. నాకూ నువ్వంటే భయమే తల్లీ, అని చెప్పేద్దామనిపిస్తుంది. చెప్పను. కళ్ళజోడు సర్దుకుని, "మళ్ళీ చేసి తీసుకురా" అంటాను. ఆ పిల్ల తలుపు దాటి వెళ్ళాక, చాలాసేపు ఆ తలుపు వంకే చూస్తూ నవ్వుకుంటాను.